ఛాయాచిత్రాల చిరునామా

ఛాయాచిత్రం తీయడం నేడు ఎంత సులభమో, తీసిన చిత్రాన్ని కావలసినప్పుడు వెదకి పట్టుకోవడం అంత కష్టం. ఫిల్ము రీళ్ళు వాడిన కాలంలో ఈ చిక్కు అంతగా లేదు. ఒక రీలులో ముప్పైఆరు చిత్రాలకు మించి పెద్దగా పట్టేవి కావు. ఫిల్ము అంచున 1, 2, 3 అంటూ వరుస సంఖ్యలు కర్మాగారం నుంచే వచ్చేవి. రీలును కడిగినప్పుడు చిత్రాలతోపాటు అవికూడా బయటపడేవి. స్టూడియో యజమాని నెగెటివులను కాగితపు కవరులో పెట్టి, పైన తేదీ, పెళ్ళివారి ఇంటిపేరు వ్రాసి బీరువాలో దాచేవాడు. పదేళ్ళ తరువాత ఎవరైనా వచ్చి "మా నాన్నగారి ఫోటో మరొక ప్రతి కావాలండీ" అని అడిగితే, ఆ కవరు తీసి, నెగెటివును వెలుతురుకెత్తి చూచి, ఫలానా నంబరు అని చెప్పగలిగేవాడు.

డిజిటల్ కెమెరాలో రీలు లేదు. తపాలా బిళ్ళంత మెమరీ కార్డు ఒకటి ఉంటుంది. అందులో వేల చిత్రాలు ఇముడుతాయి. కంటికి కనిపించే అంచు లేదు; అంచున సంఖ్యా లేదు. ప్రతి చిత్రానికి ఒక పేరు, ఒక సంఖ్య, ఒక చోటు కల్పించే పనిని కెమెరా తనంతట తానే చేసుకొనిపోతుంది. ఆ పని ఎట్లా జరుగుతున్నదో తెలియకపోయినా కెమెరాను చక్కగా వాడవచ్చు. అయితే, అపురూపమైన చిత్రాలు కళ్ళముందే మాయమయ్యే సందర్భాలు కొన్ని ఆ తెలియనితనం నుంచే పుడతాయి.

సంఖ్య వేసి క్రమాన్ని కాపాడుకోవడం మనకు కొత్త విద్య కాదు. తాళపత్ర గ్రంథం వ్రాసే లేఖకుడు ప్రతి ఆకు అంచున ఆ ఆకు సంఖ్య వేసేవాడు. ఆకులకు రంధ్రం చేసి, దారం గ్రుచ్చి, పైన క్రింద చెక్కబద్దలు పెట్టి కట్టేవారు. దారం తెగి ఆకులు చెదిరినా, సంఖ్యలను బట్టి గ్రంథాన్ని మళ్ళీ కూర్చుకోవచ్చు. కాని రెండు గ్రంథాల ఆకులు ఒకదానితో ఒకటి కలసిపోతే? అప్పుడు అయిదో ఆకులు రెండు కనిపిస్తాయి. పన్నెండో ఆకులూ రెండు కనిపిస్తాయి. సంఖ్య ఒక్కటే చాలదు, ఏ గ్రంథపు ఆకు అన్నది కూడా తెలియాలి. మెమరీ కార్డులోని ఫైళ్ళ విషయంలో వచ్చే చిక్కు సరిగ్గా ఇటువంటిదే.

డిజిటల్ కెమెరాలు వచ్చిన తొలిరోజులలో అందరూ పాటించే కట్టుబాటు ఒకటి లేదు. ఒక కెమెరాతో తీసిన చిత్రాన్ని మరొక కెమెరాలో పెట్టి చూడగలమన్న భరోసా ఉండేది కాదు. 1998 డిసెంబరులో జపాను దేశపు ఎలక్ట్రానిక్ పరిశ్రమల అభివృద్ధి సంఘం ఒక నియమావళిని వెలువరించింది. దానిని సంక్షిప్తంగా డీసీఎఫ్ అంటారు. 'కెమెరా ఫైళ్ళ వ్యవస్థకు రూపకల్పన నియమం' అని దాని భావం. 2000వ సంవత్సరంలో ఆ సంఘం మరొక సంఘంతో కలసి జీటా అనే పేరు ధరించింది. కానన్, నికాన్, సోనీ మొదలైన సంస్థల కెమెరాలన్నీ ఈ నియమాన్నే అనుసరిస్తూ వచ్చాయి. పోటీలో ఒకరినొకరు మించాలని చూచే వ్యాపారులు ఒక పేరు పెట్టే పద్ధతి దగ్గర ఏకాభిప్రాయానికి రావడం, నా దృష్టిలో, కెమెరాలో వచ్చిన అనేక హంగులకంటె ఎక్కువ మేలు చేసిన సంగతి.

ఆ నియమం ఇట్లా ఉంటుంది. మెమరీ కార్డును కంప్యూటరులో తెరచి చూస్తే మొదట డీసీఐఎం అనే ఫోల్డరు కనిపిస్తుంది. 'డిజిటల్ కెమెరా ఇమేజెస్' అనే మాటలకు అది పొడి అక్షరాల రూపం. దానిలోపల మరికొన్ని ఫోల్డర్లు ఉంటాయి. వాటి పేరులో మొత్తం ఎనిమిది స్థానాలు. మొదటి మూడు స్థానాలలో 100 నుంచి 999 లోపు ఒక సంఖ్య ఉండాలి. తక్కిన అయిదు స్థానాలను తయారీదారు తన ఇష్టప్రకారం నింపుకోవచ్చు. అందుకే కానన్ కెమెరాలలో '100కానన్' అనీ, సోనీ కెమెరాలలో '100ఎంఎస్‌డీసీఎఫ్' అనీ ఆంగ్ల లిపిలో ఫోల్డర్లు కనిపిస్తాయి. ఆపిల్ వారి ఐఫోనులో సైతం '100ఆపిల్' అనే ఫోల్డరు ఉండడం ఈ నియమం ప్రభావమే.

ఫోల్డరులోని చిత్రాల పేర్లకూ ఎనిమిదే స్థానాలు. మొదటి నాలుగింటిలో అక్షరాలు, తరువాతి నాలుగింటిలో 0001 నుంచి 9999 వరకు వరుస సంఖ్య. కానన్ కెమెరాలో 'ఐఎంజీ_0001.జేపీజీ' అని కనిపించే పేరులో మూడు ఆంగ్లాక్షరాలు, ఒక అడుగుగీత కలసి నాలుగు. ఆపైన నాలుగు అంకెలు. నికాన్ కెమెరాలో 'డీఎస్‌సీ_0001' అని ఉంటుంది. చుక్క తరువాత వచ్చే మూడక్షరాలు ఫైలు ఏ జాతిదో చెబుతాయి. ఎనిమిది, ఆపై మూడు అనే ఈ కొలత ఎక్కడిది? ఎమ్మెస్-డాస్ అనే పాత కంప్యూటరు వ్యవస్థలో ఫైళ్ళ పేర్లకు ఉండిన హద్దు అది. ఆ వ్యవస్థ వాడుక నుంచి తప్పుకొన్నది. మెమరీ కార్డులు పెద్దవై, పొడవైన పేర్లను మోయగల ఏర్పాట్లు కూడా వచ్చాయి. అయినా కెమెరాలు పాత కొలతనే పట్టుకొని నడుస్తున్నాయి. తాతగారు వేసిన అరుగు కొలతను బట్టి మనుమడు కొత్త ఇంటి గడప పెట్టినట్లున్నది ఈ వ్యవహారం!

ఈ పేర్లలో ఆంగ్లపు పెద్దక్షరాలు, అంకెలు, అడుగుగీత తప్ప మరేవీ చెల్లవు. తెలుగు అక్షరం ఒక్కటి కూడా పనికిరాదు. కార్డును కంప్యూటరుకు తగిలించి, అందులోని ఒక చిత్రానికి 'అమ్మమ్మ' అని ముచ్చటగా పేరు మార్చి, తిరిగి కార్డును కెమెరాలో పెట్టినామనుకొందాం. చాలా కెమెరాలు ఆ చిత్రాన్ని చూపించవు. చిత్రం కార్డులోనే పదిలంగా ఉంటుంది. కాని నియమానికి లోబడని పేరు కాబట్టి కెమెరా దానిని గుర్తించదు. ఫోల్డరు సంగతీ ఇంతే. ఒకే కార్డులో రెండు ఫోల్డర్లకు మొదటి మూడంకెలు ఒకటిగా ఉండకూడదు. కనుక పేర్లు మార్చే పని ఏదైనా చిత్రాలను కంప్యూటరులోకి చేర్చిన తరువాతనే చేయడం మంచిది. కార్డు మీద చేతులు పెట్టకూడదు.

కొన్ని కెమెరాలు ఒకే నొక్కుకు రెండు ఫైళ్ళను వ్రాస్తాయి. ఒకటి వెంటనే చూడడానికి, పంపడానికి వీలైన జేపీజీ. మరొకటి తరువాత తీర్చిదిద్దుకోవడానికి వీలైన ముడి ఫైలు. ఈ రెండింటికీ సంఖ్య ఒకటే ఉంటుంది, చుక్క తరువాతి అక్షరాలు మాత్రం వేరు. కవలలకు ఒకే ఇంటిపేరు ఉన్నట్లు ఈ సంఖ్యే వాటి బంధుత్వానికి గుర్తు. ఒకదాని పేరు మార్చి రెండవదానిని వదలివేస్తే ఆ బంధుత్వం తెగిపోతుంది.

ఇక సంఖ్య ముందుకు నడిచే తీరు. ఇక్కడనే విద్యార్థులు కొంచెం నిలిచి చూడాలి. చాలా కెమెరాల పట్టికలో దీనికి సంబంధించిన అమరిక ఒకటి ఉంటుంది. అవిచ్ఛిన్న పద్ధతిని ఎంచుకొంటే, కార్డు మార్చినా, చిత్రాలన్నీ తుడిచివేసినా, కెమెరా తన చివరి సంఖ్యను గుర్తుంచుకొని తరువాతి సంఖ్యనే వేస్తుంది. నిన్న 0412 దగ్గర ఆగితే నేడు కొత్త కార్డులో తొలి చిత్రం 0413. పునఃప్రారంభ పద్ధతిని ఎంచుకొంటే, ఖాళీ కార్డు పెట్టిన ప్రతిసారీ 0001 నుంచి మొదలవుతుంది. ప్రతి కార్డూ ఒకటితో మొదలైతే చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఇంతకుముందు చెప్పిన రెండు గ్రంథాల కథ ఇక్కడనే పుడుతుంది: ఎన్ని కార్డులుంటే అన్ని ఒకటో నంబరు చిత్రాలు. ఒకే కెమెరా వాడేవారికి అవిచ్ఛిన్న పద్ధతే శ్రేయస్కరం. రెండవదానిని ఎవరైనా కోరి ఎంచుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

అవిచ్ఛిన్న పద్ధతిలోనూ ఒక విడ్డూరం జరుగుతుంది. మన కెమెరా 0413 దగ్గర ఉన్నది. మిత్రుని కార్డు అడిగి తెచ్చి పెట్టినాము. అందులో అతని చిత్రం 7820 అని ఒకటి మిగిలి ఉన్నది. కెమెరా ఆ పెద్ద సంఖ్యను చూచి, మన తరువాతి చిత్రానికి 7821 అని వేయవచ్చు. ఆపైన మన సొంత కార్డు పెట్టినా అక్కడి నుంచే నడక సాగుతుంది. నడుమ ఏడువేల చిత్రాలు ఏమైనాయో అని కంగారు పడవలసిన పని లేదు. అవి ఎన్నడూ లేవు. అరువు తెచ్చిన కార్డును, అందులోని చిత్రాలను దాని సొంతదారు భద్రపరచుకొన్నాడని తెలుసుకొన్న తరువాత, కెమెరాలోనే ఫార్మాట్ చేసి వాడితే ఈ గంతు ఉండదు. పాత కెమెరా కొనేవారు ఫైలు సంఖ్యను చూచి 'ఇది నాలుగు వందల చిత్రాలే తీసిన కెమెరా' అని నమ్మడం కూడా ఇందువల్లనే సరికాదు. ఆ సంఖ్య పెరగవచ్చు, మొదటికి రావచ్చు, కావాలని వెనుకకు త్రిప్పబడవచ్చు.

మొదటికి రావడం అన్నాను. నాలుగు స్థానాలలో 9999ని మించి ఇముడదు కదా. రోజుకు నూరు చిత్రాలు తీసేవానికి నూరు రోజులకు ఆ సంఖ్య నిండుతుంది. అప్పుడు కెమెరా కొత్త ఫోల్డరు తెరచి, మళ్ళీ 0001 నుంచి మొదలుపెడుతుంది. 100వ ఫోల్డరు పోయి 101వది వస్తుంది. లెక్కకు 900 ఫోల్డర్లు, ఒక్కొక్కదానిలో 9,999 చిత్రాలు, వెరసి 89,99,100. ఇన్ని చిత్రాలు మనము తీయము కనుక హద్దు ఎన్నటికీ తగలదని అనుకోవచ్చు. కాని ఎవరో కంప్యూటరులో సరదాకు 999 సంఖ్యతో ఫోల్డరు సృష్టించి ఉంటే, కెమెరా దానినే చివరి ఫోల్డరుగా స్వీకరించవచ్చు. అందులో 9999వ చిత్రం చేరిన నాడు కార్డులో ఎంత చోటున్నా కెమెరా మీట పనిచేయదు. చెడిపోయిందని మరమ్మతు దుకాణానికి పరుగెత్తుతారు. కార్డులోని చిత్రాలను వేరొకచోట దాచి, కార్డును ఫార్మాట్ చేసి, సంఖ్యను మొదటికి త్రిప్పితే సరిపోయే జబ్బు అది.

అసలు నష్టం సాధారణంగా కెమెరాలో జరగదు. కార్డు నుంచి కంప్యూటరుకు మార్చేటప్పుడు జరుగుతుంది. ఒక పెళ్ళిని ఊహించుకొందాము. ఛాయాగ్రాహకుని దగ్గర రెండు కార్డులు ఉన్నాయి. కెమెరా పునఃప్రారంభ పద్ధతిలో ఉన్నది. మొదటి కార్డులో పెళ్ళికూతురిని చేయడం మొదలు మంగళసూత్రధారణ వరకు మూడు వందల చిత్రాలు; 0001 నుంచి 0300 వరకు. రెండవ కార్డులో తలంబ్రాలు మొదలు అప్పగింతల వరకు మరి మూడు వందలు. అవీ 0001 నుంచి 0300 వరకే. తెల్లవారుజామున ఇల్లు చేరి, నిద్రకళ్ళతో మొదటి కార్డును 'పెళ్ళి' అనే ఫోల్డరులోకి ఎక్కించాడు. తరువాత రెండవదానిని అదే ఫోల్డరులోకి ఎక్కించబోయాడు. ఇదే పేరుతో ఇక్కడ ఫైళ్ళున్నాయి, వాటి స్థానంలో వీటిని పెట్టమంటావా అని కంప్యూటరు అడిగింది. అడిగినది ఏమిటో చదవకుండా అన్నింటికీ సరే అన్నాడు. ఒక్కొక్క చిత్రం మీద మరొక చిత్రం వచ్చి కూర్చున్నది. మంగళసూత్రం కట్టే చిత్రమున్న చోట అప్పగింతలలో కన్నీరు పెట్టుకొంటున్న తల్లి చిత్రం చేరింది. ఫోల్డరులో మూడు వందల చిత్రాలు నిండుగా కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి అనుమానం రాలేదు. మరునాటి పెళ్ళికోసం రెండు కార్డులనూ ఫార్మాట్ చేశాడు.

ఈ కథలో కెమెరా తప్పు చేయలేదు, కార్డు చెడిపోలేదు, కంప్యూటరు అడగకుండా ఏదీ చేయలేదు. అయినా ఆ దంపతులకు వారి పెళ్ళిలోని ముఖ్యఘట్టం ఇక లేదు.

దీనికి విరుగుడు చాలా చిన్నది. ప్రతి కార్డుకూ కంప్యూటరులో వేరు ఫోల్డరు ఉండాలి. దాని పేరు తేదీతో మొదలు కావాలి. అదీ సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో. మనము వాడుకలో రోజును ముందు చెబుతాము. కాని కంప్యూటరు పేర్లను ఎడమనుంచి చదివి వరుస పెడుతుంది. రోజు ముందుంటే జనవరి 5, జూన్ 5, ఆగస్టు 5 ఒకచోట గుమిగూడుతాయి. '2024-01-26 కార్డు 1' అని వ్రాస్తే కాలక్రమం దానంతట అదే నిలుస్తుంది. కంప్యూటరులో తెలుగు పేర్లకు అడ్డంకి లేదు కనుక తేదీ తరువాత 'బడి వార్షికోత్సవం' అని చక్కగా తెలుగులోనే వ్రాసుకోవచ్చు. సోనీ కెమెరాలు కొన్ని కార్డుమీదనే తేదీతో ఫోల్డరు పేరు పెట్టే సదుపాయం ఇస్తాయి. '10060815' అని ఉంటే మొదటి 100 ఫోల్డరు సంఖ్య, 6 సంవత్సరపు చివరి అంకె, 08 నెల, 15 రోజు. స్థానాలు ఎనిమిదే కావడంతో సంవత్సరానికి ఒక్క అంకెకే చోటు దక్కింది. 2016 ఆగస్టు 15, 2026 ఆగస్టు 15 ఈ పద్ధతిలో ఒకే తీరుగా కనిపిస్తాయి!

సంఖ్యకు మించిన ఆధారం మరొకటి చిత్రంలోపలనే దాగి ఉంటుంది. ఎగ్జిఫ్ అనే మరొక కట్టుబాటు ప్రకారం కెమెరా ప్రతి చిత్రంతోపాటు తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను, కెమెరా రకం మొదలైన వివరాలను కూడా వ్రాసి పెడుతుంది. ఫైలు పేరు మారినా ఈ వివరాలు మారవు. రెండు మూడు కెమెరాల చిత్రాలను కలిపి కాలక్రమంలో పెట్టవలసినప్పుడు సంఖ్యలు పనికిరావు. ఈ సమయమే ఆధారం. ఇందులో ఒక మెలిక ఉన్నది. కెమెరా వ్రాసేది కెమెరా గడియారం చెప్పిన సమయమే. చలికాలంలో న్యూయార్కు నగరపు గడియారం మన గడియారానికి పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడినుంచి మాఘమాసపు పెళ్ళికి వచ్చిన మేనమామ తన కెమెరా గడియారాన్ని మార్చకుండా చిత్రాలు తీశాడనుకొందాం. రాత్రి 9 గంటల 40 నిమిషాలకు జరిగిన జీలకర్ర-బెల్లం ఆయన చిత్రాలలో పగలు 11 గంటల 10 నిమిషాలకు జరిగినట్లు నమోదవుతుంది. అన్నీ కలిపి వరుస పెడితే పెళ్ళికొడుకు విడిదికి రాకముందే పెళ్ళి అయిపోతుంది. సమయ మండలాన్ని కూడా నమోదు చేసే వీలు ఎగ్జిఫ్ నియమంలో 2016లో గాని చేరలేదు.

పలువురు కలసి పనిచేసేటప్పుడు అందరూ మొదటే ఒకే గోడ గడియారాన్ని ఒక్కొక్క చిత్రం తీసి పెట్టుకోవడం తెలివైన ఉపాయం. గోడ గడియారంలోని సమయానికీ, చిత్రం లోపల నమోదైన సమయానికీ ఎంత తేడా ఉన్నదో దానివల్ల తెలుస్తుంది. ఆ కెమెరా చిత్రాలన్నింటినీ ఆ మేరకు ఒక్కసారిగా సవరించే సాధనాలు ఉన్నాయి.

చివరగా తుడిచివేత. ఒక చిత్రాన్ని తుడిచినప్పుడు కెమెరా సాధారణంగా ఆ చిత్రాన్ని చెరపదు. ఫైళ్ళ పట్టికలో దాని పేరు మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పెట్టి, ఆ చోటు ఖాళీ అని వ్రాసుకొంటుంది. పుస్తకం విషయసూచికలో పాఠం పేరు కొట్టివేసినంత మాత్రాన లోపలి పుటలు చిరిగిపోవు కదా. ఫార్మాట్ చేసినప్పుడు సైతం చాలా కెమెరాలు పట్టికనే కొత్తగా వ్రాస్తాయి. కానీ తాళం గుర్తు వేసి కాపాడుకొన్న చిత్రాలు కూడా ఫార్మాట్‌లో పోతాయని మరువరాదు. ఆ తాళం తుడిచివేత ఆజ్ఞను మాత్రమే ఆపగలదు. పొరపాటు జరిగిందని తెలిసిన క్షణమే కెమెరాను ఆపి కార్డును బయటికి తీయాలి. ఆపైన తీసే ప్రతి చిత్రం పాత చిత్రాల చోటును ఆక్రమించవచ్చు. పైన చెప్పిన పెళ్ళి ఛాయాగ్రాహకుడు కార్డులను ఫార్మాట్ చేసి ఊరుకొని ఉంటే ఆశ ఉండేది. మరునాటి పెళ్ళి చిత్రాలు ఆ కార్డులలో నిండిన తరువాత ఆశ లేదు.

పోయిన చిత్రాలను వెలికితీసే ఉచిత సాధనాలలో ఫోటోరెక్ అన్నది పేరొందినది. అది పట్టికను లెక్కచేయదు. కార్డు మొదటినుంచి చివరిదాకా గాలించి, చిత్రంవలె కనిపించిన ప్రతిదానినీ పైకి తీస్తుంది. పట్టికతో పనిలేదు కనుక పాత పేర్లు తిరిగి రావు, ఫోల్డర్లూ రావు. కార్డులో దొరికిన చోటును బట్టి అది తానే పొడవైన సంఖ్యలు పేర్లుగా పెడుతుంది. కెమెరా వేసిన వరుస సంఖ్య అంతటితో పోయినట్లే. అయితే ఎగ్జిఫ్ వివరాలు పట్టికలో కాక చిత్రం కడుపులో ఉంటాయి కాబట్టి, ఫైలు చెక్కుచెదరక దొరికితే తీసిన తేదీ, సమయం కూడా దానితోపాటే దొరుకుతాయి. వాటిని బట్టి పేర్లు పెట్టుకొంటూ పోతే, తెగిన దారాన్ని విడిచి ఆకులను మళ్ళీ వరుసలో పేర్చినట్లు, ఆనాటి క్రమం తిరిగి ఏర్పడుతుంది.